స్కాగ్వేలో ఆఖరి ఓడ

ఉత్తరాన మంచు సీమలోని రేవు ఊరు స్కాగ్వే, దాని వెనక కొండ. సెప్టెంబరు చివర, ఆ ఏటికి యాత్రికుల ఆఖరి ఓడ రేవులో ఆగి ఉన్న రోజు. సరస్సుకు పోయే కాలిబాట మీద గైడు కోరా ముందు నడుస్తోంది. ఓడ దిగి వచ్చిన పెద్దాయన హార్లన్ వెనకబడ్డాడు.

"మళ్ళీ ఆగారేంటి?"

"బూటు లేసు ఊడిందమ్మాయ్."

"ఇందాక ఎడమది ఊడింది. దానికి ముందు కుడిది. ఇప్పుడేది?"

"రెండూ."

"ఒకేసారా?"

"ఒకదాన్ని చూసి ఇంకోటి."

"హార్లన్ గారూ, మీరు పెద్దవారని ఊరుకుంటున్నాను. ఇలా నడిస్తే మనం సరస్సు చూసినట్టే. ఓడ ఐదింటికి బయల్దేరుతుంది. అరగంట ముందే మీరు మెట్లెక్కాలి."

"ఎక్కుదాం, ఎక్కుదాం. కాస్త ఊపిరి తీసుకోనీ. నువ్వేదో చెప్తున్నావు కదా, నూరేళ్ళ కిందట బంగారం కోసం వచ్చినవాళ్ళ గురించి. ఆపావెందుకు?"

"మీరు ఆగారని ఆపాను. ఎక్కడున్నాం?"

"ఓడలు దిగారు. వీధిలో అడుగు పెట్టే చోటు లేదు."

"ఆఁ. ఉత్తరాన వాగులో బంగారం పడిందని ఒక్క కబురు. అంతే, కొట్లకు తాళాలేసి, కొలువులు మానేసి ఎక్కడెక్కడి వాళ్ళూ ఇక్కడ దిగిపోయారు. ఏడాదికి సరిపడా తిండి వెంట ఉన్నవాణ్ణే సరిహద్దు దాటనిచ్చేవాళ్ళు. అదంతా వీపున వేసుకుని, మంచులో కనుమ ఎక్కి, అక్కడ పడేసి, దిగి, మళ్ళీ మూట కట్టుకుని ఎక్కి..."

"ఎక్కనివాళ్ళు?"

"అంటే?"

"ఇక్కడిదాకా వచ్చి, పైకీ పోక, ఇంటికీ పోక... ఇక్కడే ఉండిపోయినవాళ్ళు."

"బోలెడుమంది. ఈ ఊరు సగం వాళ్ళు కట్టిందే. భలే అడిగారు, ఈ మాట ఎవరూ అడగరు. అందరికీ ఎంత బంగారం దొరికిందనేదే కావాలి."

"ఇంటికి ఉత్తరాలు రాసేవాళ్ళా?"

"కొందరు రాసేవాళ్ళు. కొందరు పేర్లే మార్చేసుకున్నారు. అక్కడ పెళ్ళాం బతికుండగానే ఇక్కడ ఇంకో కాపురం... లేసులు కట్టడం అయిందా?"

"అయింది."

"మీరు ముట్టుకోనేలేదు. చూస్తూనే ఉన్నాను."

"నీ జుట్టు ఎవరు కత్తిరించారమ్మాయ్?"

"ఇప్పుడు నా జుట్టుకేమొచ్చింది?"

"ఊరికే."

"నేనే. అద్దం ముందు నిలబడి, వంటింటి కత్తెరతో."

"తెలుస్తూనే ఉంది. వెనకవైపు ఎలక కొట్టినట్టుంది."

"చాలా సంతోషం."

"కోపం తెచ్చుకోకు. జీవితమంతా కటింగ్ షాపు నడిపినవాణ్ణి, కళ్ళు ఊరుకోవు. అయోవాలో మాది చిన్న ఊరు. పొద్దున్నే తలుపు తీస్తే సాయంత్రం దాకా నోరు మూతపడేది కాదు. వాన, మొక్కజొన్న, ఎవడి కొడుకు ఎవడి ట్రాక్టరు గుద్దాడు... ఇంటికెళ్ళేసరికి మాటలు మిగిలేవి కాదు. డొరీన్ వడ్డించేది, నేను తినేవాణ్ణి."

"డొరీన్ అంటే మీ ఆవిడా?"

"ఆఁ. ఇప్పుడు షాపు లేదు. మాటలన్నీ అలాగే ఉన్నాయి. ఆమెకేమో వినే అలవాటు పోయింది."

"ఆమెను కూడా తీసుకురావలసింది."

"మోకాళ్ళ నొప్పులు. అయినా ఓడలో పేకాట జట్టు కుదిరిందిలే, నలుగురాడాళ్ళు. కాఫీ దగ్గర మొదలుపెడితే మళ్ళీ భోజనం గంట కొట్టేదాకా లేవరు."

"మీరేం చేస్తుంటారు?"

"డెక్కు మీద తిరుగుతుంటాను. ఒక చుట్టు. ఇంకో చుట్టు. అక్కడ తెల్లబట్టల కుర్రాడొకడు రోజూ నాకు 'శుభోదయం సార్' అంటాడు. నిన్న సాయంత్రం కూడా అన్నాడు."

"పదండి. ఇంకో మలుపు, అంతే."

"చలికాలం మీ ఊళ్ళో జుట్టు కత్తిరించేవాళ్ళు ఉంటారా?"

"వేసవికి ఒకావిడ వస్తుంది. ఆమె కూడా కిందటి వారం వెళ్ళిపోయింది. ఎందుకూ?"

"ఊరికే అడిగాను. మరి ఊళ్ళో అద్దెకి గదులవీ..."

"ఊరికే అడిగారా ఇది కూడా?"

"ఊరికేనే."

సరస్సు ఒడ్డున ఒరిగిపడిన మాను మీద ఇద్దరూ కూర్చున్నారు. నీళ్ళ మీద మబ్బు దిగింది. ఇంకెవరూ లేరు.

"ఎంత నిశ్శబ్దమో!"

"రేపట్నుంచి ఊళ్ళో కూడా ఇంతే. యాత్రికుల కోసం తెరిచిన నగల కొట్లు మూసి కిటికీలకు చెక్కలు కొట్టేస్తారు. పొద్దున వీధి ఈ చివర నిలబడితే ఆ చివర కుక్క నడుస్తున్నా వినపడుతుంది."

"నువ్వూ వెళ్ళిపోతావా?"

"నేను ఉంటాను."

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"కుక్క."

"ఇంకా?"

"పెద్ద కుక్కేలెండి. తినండి, ఆ రొట్టె పట్టుకుని ఎంతసేపు చూస్తారు? కొరికితే కదా అరిగేది."

"తింటున్నాను."

"ఆ ముక్కని మూడోసారి పొట్లం కడుతున్నారు. నీళ్ళేవి, సంచిలోనా? మీరు కూర్చోండి, నేను తీస్తాను."

"వద్దు, వద్దు, నేనే..."

"ఇదేంటి?"

"ఏమీ లేదు. ఇటివ్వు."

"కత్తెరలు. దువ్వెనలు. క్షవరం కత్తి. మూడు జతల మేజోళ్ళు, లోపలి బట్టలు... హార్లన్ గారూ, ఒక్క పూట కొండెక్కడానికి క్షవరం కత్తి ఎందుకండీ?"

"అలవాటు."

"లేసులు, గదులు, చలికాలం కటింగ్ షాపు. ఓరి దేవుడా! మీరు తిరిగి ఓడ ఎక్కాలని రాలేదు."

"గట్టిగా అరవకు."

"ఎవరికి వినపడుతుంది ఇక్కడ? లేవండి. లేవండి ముందు. దిగుడే కాబట్టి తొందరగా నడిస్తే ఇంకా అందుకుంటాం."

"నా మోకాలు..."

"మోకాళ్ళు మీ ఆవిడవి!"

"నావి కూడా ఇప్పుడే..."

"మోసుకెళ్తాను. నేను మనుషుల్ని మోసినదాన్నే, కావాలంటే ఊళ్ళో అడగండి."

"కూర్చో అమ్మాయ్. ఒక్క నిమిషం. చెప్పేది విని, ఆ తర్వాత మోసుకెళ్ళు."

"నడుస్తూ చెప్పండి."

"నడుస్తూ చెప్పలేను. ఇల్లు అమ్మేశాం. ఈ ఓడ దిగాక అరిజోనా. ఆమె చెల్లెలి ఇంటి పక్క వాటా. ఏడాది పొడుగునా ఎండేనట, మోకాళ్ళకి మంచిదట. ఆ వీధిలో అందరూ మా వయసువాళ్ళేనట. సాయంత్రం ఆరింటికి తలుపులేసుకుంటారట."

"మీరు వద్దనలేదా?"

"సరేనన్నాను. నేనెప్పుడూ సరేనంటాను. ఏ గోడకి ఏ రంగన్నా సరే. పిల్లలు వద్దన్నా సరే. ఆమె చెడ్డది కాదు. నన్ను ఒక్క మాట అనలేదు ఎప్పుడూ. అదే... ఒక్క మాట అనదు. పొద్దున కాఫీ ఇటు జరుపుతుంది, నేను చక్కెర అటు జరుపుతాను. అంతే మా సంసారం."

"దానికి ఇలా పారిపోవడమా? ఊళ్ళో శీతాకాలం ఎలా ఉంటుందో తెలుసా మీకు? గాలికి నిలబడలేరు. పాలు అయిపోతే మళ్ళీ సరుకుల పడవ వచ్చేదాకా లేవు. మీతో మాట్లాడేవాడు ఉండడు."

"అక్కడ మాత్రం ఎవడున్నాడు? ఇక్కడైతే ఎవరూ లేరు గనక ఒంటరిగా ఉన్నాననుకుంటాను. దానికో కారణం ఉంటుంది. ఏం, తప్పా నేనన్నది?"

"ఓడవాళ్ళ యాత్రలోనే రావలసింది మీరు. వాళ్ళ మనుషులు ఆలస్యమైతే ఓడ ఆపుతారు. విడిగా వచ్చినవాళ్ళ కోసం ఆగరు."

"అందుకే విడిగా వచ్చాను."

"అబ్బ! నన్ను చూసి ఎంచుకున్నారా? ఇది వెర్రిబాగుల్దానిలా ఉంది, దీన్నయితే ఏమార్చొచ్చని?"

"లేదమ్మా. వీధిలో గైడుల బల్ల దగ్గర ఒక్కదానివే కూర్చున్నావు. మిగతా బల్లలన్నీ ఎత్తేశారు. అందుకు."

"ఫోను తీయండి. ఆమెకు చెప్పండి వస్తున్నానని."

"ఓడలో గదిలోనే వదిలేశాను."

"మరిచిపోయారా, వదిలేశారా?"

"వదిలేశాను."

"అదిగో! విన్నారా? ఓడ కూత. లేవండి హార్లన్ గారూ, దండం పెడతాను లేవండి."

కాలిబాట కిందికి దిగేచోట, కొండ అంచు. అక్కణ్ణుంచి రేవు మొత్తం కనపడుతుంది.

"పోయింది."

"ఆఁ."

"మెట్లు తీసేశారు. తాళ్ళు కూడా విప్పేశారు. నా పదకొండేళ్ళ పనిలో ఒక్కర్ని వదిలిపెట్టలేదు. ఆఖరి ఓడకి, ఆఖరి మనిషి."

"నీ తప్పు కాదని రాసిస్తాను."

"ఎవరికిస్తారు? ఓడకా? అటు చూడకండి. పదండి."

"ఎంత చప్పుడు లేకుండా పోతోందో చూశావా? అంత పెద్దది."

"ఇప్పుడు మీ ఆవిడ ఎలా అల్లాడిపోతుంటుందో ఒక్కసారి..."

"పేకాటలో ఉంటుంది. భోజనాల దగ్గర ఎదురు కుర్చీ ఖాళీగా ఉంటే అప్పుడు గుర్తొస్తాను. అది కూడా ఉప్పు అందుకోవాల్సొస్తేనే."

"ఊరుకోండి."

"నిజమే చెప్తున్నాను. ఎవరికి ఫోను చేస్తున్నావు?"

"లైల్‌కి. రేవులో ఓడల ఏజెంటు. ఎవరైనా ఓడ తప్పితే ఆయనే చూసుకోవాలి... హలో, లైల్? కోరాను మాట్లాడుతున్నా. నా దగ్గర ఒకాయన... అవును, ఆయనే... లేదు, దెబ్బలేం తగల్లేదు. నడుస్తున్నాడు... సరే. సరే, దించుకొస్తాను."

"ఏమంటాడు?"

"ఆఫీసు తెరిచి ఉంచుతాడట. జాగ్రత్తగా దించమన్నాడు, చెట్ల వేళ్ళు తడిగా ఉంటాయి, జారతాయి."

"తిట్టలేదా?"

"లేదు."

"మంచివాడే."

"ఆ రాయి మీద వద్దు. ఇటు కాలు పెట్టండి. నా భుజం పట్టుకోండి."

"కోరా."

"ఊఁ."

"దీని తర్వాత ఓడ ఎప్పుడు?"

"మే నెల దగ్గరపడ్డాక."

"అంతేనా? మధ్యలో ఏమీ..."

"జూనో ఊరికి చిన్న విమానం ఉంది, గాలి లేని రోజు. పడవ ఉంది, అది వచ్చినప్పుడు వచ్చినట్టు. కనుమ దాటి కెనడాకు రోడ్డుంది, మంచు పడకపోతే. ఏం?"

"ఏం లేదు. ఓడ రేపు ఎక్కడాగుతుంది?"

"ఆగదు. నేరుగా వాంకూవర్. రెండు రోజులు సముద్రమే."

"రెండు రోజులు... ఆమెకు మాత్రలు ఎవరిస్తారో! పొద్దునది తెల్లది, రాత్రిది పసుపు. ఆమెకు ఎప్పుడూ తారుమారే. నేనే చిప్పలో పెడతాను."

"ఇప్పుడు గుర్తొచ్చిందా?"

"ఇందాక కూడా గుర్తుంది. ఇందాక చెట్ల కింద ఇంత చీకటిగా అనిపించలేదు. చలిగా లేదూ నీకు?"

"నా కోటు వేసుకోండి. వేసుకోండి, నాకు అలవాటే."

"నీ కుక్క పేరేంటి?"

"బన్నీ. నేను పెట్టలేదు. డెల్ పెట్టాడు."

"డెల్ ఎవరు?"

"నాతో ఉండేవాడు. ఆరు చలికాలాలు ఉన్నాడు. మొన్న ఆగస్టులో సిట్కాలో పని దొరికిందన్నాడు. నాకు ఇక్కడే బాగుందన్నాను. నువ్వు కూడా ఆగిపో అని అడిగాను. బతిమాలాను కూడా. రేవు దాకా వెళ్ళి, సంచి పట్టుకుని లాగాను, ఊరంతా చూస్తుండగా."

"ఆగలేదా?"

"ఆగలేదు."

"అడిగావు కదా, అయినా."

"అడిగాను. అదొక్కటే మిగిలింది. కుక్కకి ఇంకా తెలీదు, పడవ కూత వినపడితే తలుపు దగ్గరికి పరిగెడుతుంది."

"నన్ను ఎప్పుడూ ఎవరూ అడగలేదు, తెలుసా? ఉండమనీ అడగలేదు, పొమ్మనీ అడగలేదు. డొరీన్ ఇవాళ పొద్దున 'కొండెక్కద్దు, పడతావు' అని ఒక్క మాటంటే చాలు, ఆగిపోయేవాణ్ణి. బూట్లు విప్పేసేవాణ్ణి."

"ఆ మాట ఆమెతో అన్నారా ఎప్పుడైనా?"

"నీతోనే అంటున్నాను. ఇంతసేపు నేను ఎవరితోనూ మాట్లాడలేదు, షాపు మూశాక."

"ఇదిగో, వంతెన. ఇంక చదునే."

"మీ లైల్ దగ్గర ఓడకి ఫోను కలుస్తుందా?"

"కలుస్తుంది. ఏం చెప్తారు?"

"తెల్లది పొద్దున, పసుపుది రాత్రి అని చెప్తాను. తర్వాత... తర్వాత ఏం చెప్పాలో తెలీదు. విమానం ఎప్పుడంటే అప్పుడు వచ్చేస్తానని చెప్పనా?"

"నన్నడుగుతారేంటి? మీకేమనిపిస్తే అది చెప్పండి. ఈ ఒక్కసారి సరేననకండి ఎవరికీ."

రేవు ఒడ్డున ఏజెంటు ఆఫీసు. పొయ్యి మండుతోంది. బల్ల అవతల లైల్ నిలబడి ఉన్నాడు.

"రండి, హార్లన్ గారు మీరేగా? వణికిపోతున్నారు. కోరా, ఆ కుర్చీ పొయ్యి దగ్గరికి లాగు."

"క్షమించండి బాబూ, మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను. ఓడలో మా ఆవిడతో ఒక్క రెండు మాటలు..."

"కలుపుతాను. ముందిది చూడండి. ఈ పెట్టె మీదేనా?"

"ఇది... అవును, మాదే. ఆ పట్టీ నేనే కుట్టించాను. ఇదిక్కడికెలా వచ్చింది?"

"పాస్‌పోర్టు పై అరలో ఉంది. మీ మందులన్నీ విడిగా కట్టి ఉన్నాయి. చలికోటు పైనే ఉంది, వేసుకోండి, ఆ పిల్ల కోటు దానికిచ్చేయండి."

"ఓడవాళ్ళు ఇచ్చిపోయారా? ఎవరైనా వెనక ఉండిపోతే గదిలోంచి పాస్‌పోర్టు తీసి రేవులో ఇచ్చిపోతారని విన్నాను."

"పాస్‌పోర్టు ఇచ్చిపోతారు. చొక్కాలు ఇంత చక్కగా మడతపెట్టరు."

"మరి ఎవరు?"

"మీ ఆవిడే తెచ్చింది."

"డొరీనా? నేను రాలేదని చూసి..."

"లేదండీ. పొద్దున్నే. మీరింకా కొండ మొదట్లో ఉండి ఉంటారు."

"పొద్దున్నా? అదెలా? నేను ఎవరికీ చెప్పలేదు."

"అవును లైల్, ఆయన నాకు కూడా చెప్పలేదు, నేనే సంచి చూసి..."

"నువ్వుండు కోరా. నేనూ అదే అడిగాను, మీకెలా తెలిసిందమ్మా అని. 'ఇన్నేళ్ళలో బయటికెళ్తూ వెనక్కి చూసిన మనిషి కాదు, ఇవాళ తలుపు దగ్గర ఆగి నా వంక చూశాడు' అంది."

"అప్పుడామె పేక కలుపుతోంది. తలెత్తనే లేదు."

"ఎత్తలేదేమో. చూసింది."

"చూస్తే... చూస్తే ఒక్క మాట అనొచ్చు కదా! ఆపొచ్చు కదా!"

"అన్నాను నేను, ఆపకపోయారా అని. 'నేనాపితే ఆగుతాడు. జీవితమంతా ఆగాడు. అందుకే అడగలేదు' అంది."

"ఇంకేమంది, లైల్?"

"ఒకవేళ వేళకి దిగి వచ్చేస్తే ఈ పెట్టె సంగతి ఆయన దగ్గర ఎత్తొద్దంది. తనే వచ్చి చాటుగా గదికి చేర్చుకుంటానంది."

"అది చెప్పి ఓడ ఎక్కేసిందా? పైకి వెళ్ళిపోయిందా?"

"ఎక్కడెక్కిందండీ! ఆ మెట్ల కిందే, కొండవైపు తిరిగి నిలబడింది. ఓడ బయల్దేరే వేళకి పైకి రమ్మని పిలిచారు, ఇంకొక్క నిమిషం అంది. మళ్ళీ పిలిచారు, మళ్ళీ అదే మాట. చివరికి ఇద్దరు దిగి వచ్చి, చెరో చెయ్యీ పట్టుకుని ఎక్కించారు."